కడలి అడుగును కన్నులకు చూపిన కూస్తో

మన కుందలహళ్ళి సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. ఇచ్చటనుండి తూర్పు తీరము చేరవలెనన్న సుమారు 300 కిలోమీటర్లు పోవలెను. మన పాఠశాల బాలబాలికలలో సముద్రమును చూచినవారు పలువురు ఉండవచ్చును గాని, వారును ఒడ్డున నిలిచి అలలను చూచినవారే. ఆ అలల క్రింద ఏమున్నదో, నూరేండ్లకు పూర్వము తీరముననే పుట్టి పెరిగినవారికిని సరిగా తెలియదు. బెస్తవారికి వలలో పడిన చేప తెలియును. ముత్యములు తీయువారికి ఊపిరి బిగబట్టినంతసేపు కనబడిన నేల తెలియును. అంతకు మించి సముద్రము మూతవేసిన పెట్టెవలె నుండెను. ఆ మూతను తీసి లోపలి వింతలను లోకమునకు చూపినవారిలో అగ్రగణ్యుడు జాక్ ఈవ్ కూస్తో అను ఫ్రెంచి దేశీయుడు. ఆయన జీవితమును ఈ సంచికలో మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపదలచితిమి. ఆయన సాధించిన ఘనకార్యములనే గాక, ఆయన చేసిన తప్పును, దానిని దిద్దుకొన్న తీరును గూడ చెప్పుట మా యుద్దేశము.

కూస్తో 1910వ సంవత్సరము జూన్ 11వ తేదీన బోర్దో నగరమునకు సమీపముననున్న సేంతాంద్రె ద కుబ్‌జాక్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ధనికులైన అమెరికనుల కొలువులో నుండి దేశదేశములు తిరుగుచుండెను. బాలుడు చిన్ననాట తరచు జబ్బుపడువాడు, బక్కపలుచనివాడు. అయినను నీరనిన అతనికి మిక్కిలి మక్కువ. పదియేండ్ల ప్రాయమున అతడు తల్లిదండ్రులతో న్యూయార్కు నగరమునకు పోయి అచ్చట కొంతకాలము చదివెను. ఆ బడిలో అతడు పరభాషీయుడు. ఇంట ఫ్రెంచి, వీధిలో ఆంగ్లము. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము పలుకు మన పిల్లలకు ఇట్టి స్థితి క్రొత్తది కాదు. ఆ రెండవ భాష అతనికి భారము కాలేదు. ముప్పది యేండ్లు గడచిన పిమ్మట తనకు లోకప్రసిద్ధి తెచ్చిన గ్రంథమును అతడు ఆ భాషలోనే వ్రాసెను.

ఒక వేసవిలో అతనిని వెర్మాంటు రాష్ట్రమున ఒక సరస్సు ఒడ్డున జరుగు బాలుర శిబిరమునకు పంపిరి. సరస్సు అడుగున పడియున్న చెట్టుకొమ్మలను ఏరి తీయు పనిని అచ్చటి ఉపాధ్యాయుడు అతనికి అప్పగించెను. మసకనీటిలో కన్నులు తెరచి, ఊపిరి బిగబట్టి, అడుగునకు మునిగి కొమ్మలు లాగుట అతడు అచ్చట అలవరచుకొనెను. మహాసముద్రములను శోధించినవానికి తొలి బడి ఒక మంచినీటి సరస్సగుట గమనింపదగినది.

చదువులో అతడు ముందువరుసవాడు కాడు. యంత్రములను విప్పి చూచుటయందును, తిరిగి కూర్చుటయందును అతనికి ఆసక్తి మెండు. పదుమూడేండ్ల వయస్సున తాను కూడబెట్టిన డబ్బుతో ఒక చలనచిత్రపు కెమెరా కొనెను. ఆ తరువాత ఒకప్పుడు పాఠశాల కిటికీ అద్దములను పగులగొట్టి బడినుండి వెళ్లగొట్టబడెను. తల్లిదండ్రులు అతనిని ఆల్సేసు ప్రాంతమున కట్టుదిట్టములు గల వసతి పాఠశాలలో చేర్చిరి. అచ్చట బుద్ధి కుదిరి శ్రద్ధగా చదివి, 1930లో బ్రెస్టు నగరమందలి నౌకాదళ విద్యాలయమున ప్రవేశించెను.

నౌకాదళమున చేరినను అతని మనస్సు ఆకాశముపైననే యుండెను. విమానము నడపుటకు శిక్షణ పొందుచుండగా, 1936లో ఒక రాత్రి అతడు నడుపుచున్న కారు ప్రమాదమునకు గురియయ్యెను. రెండు చేతులును తీవ్రముగా దెబ్బతినెను. నెలల తరబడి వైద్యము జరిగెను. విమానచోదకుడు కావలెనను కోరిక అంతటితో తీరకయే పోయెను. చేతులకు బలము తిరిగి వచ్చుటకై అతడు తూలాన్ రేవువద్ద సముద్రమున ప్రతిదినము ఈదసాగెను. ఫిలిప్ తయ్యే అను తోటి యుద్యోగి అతనికి నీరు చొరని కంటియద్దములను ఒక జత ఇచ్చెను. వానిని పెట్టుకొని తల నీట ముంచినంతనే కూస్తోకు మరియొక లోకము తెరచుకొనెను. నీటిపైన నిత్యము చూచు ఊరు. నీటి క్రింద మున్నెన్నడును చూడని తోట, అందు తిరుగు చేపలు. ఆకాశము మూసివేసిన ద్వారమునకు బదులు సముద్రము వేరొక ద్వారము తెరచెను. తయ్యేయు, ఫ్రెదెరిక్ ద్యూమా అను గజ ఈతగాడును అతనికి జీవితాంతము మిత్రులైరి. 1937లో అతడు సిమోన్ మెల్కియార్ అను యువతిని వివాహమాడెను. వారికి జాఁ మిషెల్, ఫిలిప్ అను ఇరువురు కుమారులు కలిగిరి.

మునుగుట సులభమే గాని, నిలుచుట సులభము కాదు. ఊపిరి బిగబట్టినవాడు ఒకటి రెండు నిమిషములలో పైకి రాక తప్పదు. లోహపు టోపియు, బరువైన దుస్తులును ధరించి దిగువాడు పైనున్న పడవనుండి వచ్చు గొట్టమునకు కట్టుబడి, అడుగున మెల్లగా నడువవలసినదే. చేపవలె స్వేచ్ఛగా ఈదుట ఎట్లు? కూస్తో మొదట ప్రాణవాయువును నింపిన సాధనముతో ప్రయత్నించెను. అయితే శుద్ధమైన ప్రాణవాయువు కొంత లోతునకు దిగినపిమ్మట విషమగును. ఒకటికి రెండుమారులు అతనికి నీటిలోనే మూర్ఛ వచ్చి, చావు తప్పి బయటపడెను.

అసలు చిక్కు ఒత్తిడిలో నున్నది. నీటిలో 10 మీటర్లు దిగినచో మన శరీరముపై ఒత్తిడి ఒడ్డుననున్న దానికి రెండింతలగును. 30 మీటర్లు దిగినచో నాలుగింతలగును. అంతటి ఒత్తిడి క్రింద రొమ్ము విప్పి గాలి పీల్చవలెనన్న, పీల్చు గాలికిని అంతటి ఒత్తిడియే ఉండవలెను. తక్కువైనచో ఊపిరి ఆడదు. ఎక్కువైనచో ఊపిరితిత్తులు పగులును. కావున దిగిన లోతునకు తగినట్లు, పీల్చినప్పుడు మాత్రమే, కావలసినంత గాలిని ఇచ్చు కవాటము కావలెను. ఇట్టి ప్రయత్నములు 1860 ప్రాంతములనుండియు ఫ్రాన్సులో జరిగియుండెను. అందువలన ఈ కీర్తి అంతయు కూస్తో ఒక్కనిదే యనుట న్యాయము కాదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనులు ఫ్రాన్సును ఆక్రమించుకొనిరి. పెట్రోలు దొరకక జనులు తమ కార్లను గ్యాసుతో నడుపుకొనుచుండిరి. ఎమిల్ గాన్యాన్ అను ఇంజనీరు అట్టి కార్లకు గ్యాసును తగు మాత్రమున అందించు చిన్న కవాటమును తయారుచేసియుండెను. 1942 డిసెంబరులో కూస్తో పారిసులో అతనిని కలిసికొని తన చిక్కును వివరించెను. గాన్యాన్ కారుకొరకు చేసిన కవాటమునే మనిషికొరకు మార్చెను. 1943 ఆరంభమున మార్న్ నదిలో మొదటి పరీక్ష జరిగెను. అడ్డముగా ఈదునప్పుడు సాధనము చక్కగా పనిచేసెను గాని, నిలువుగా నున్నప్పుడు గాలి వృథాగా పోయెను. విడిచిన గాలి పోవు రంధ్రమును, గాలినిచ్చు భాగమును ఒకే మట్టమున నుంచుటతో ఆ లోపము తీరెను. ఆ యేడు జూన్ మాసమున కూస్తో మధ్యధరా సముద్రమున దిగి, వీపున అదిమిన గాలిబుడ్లు, నోట ఒక గొట్టము తప్ప మరే బంధమును లేక ఈదెను. తలక్రిందులుగా తిరిగి చూచెను. ఏ భంగిమలోనైనను గాలి సరిగా అందెను. నేడు స్కూబా అని పిలుచు సాధనమునకు మూలము ఇదియే. ఆ మాట ఆంగ్లమున కొన్ని పదముల తొలి అక్షరములను కూర్చి చేసినది. నీటిలో తన గాలిని తానే మోసికొనిపోవు సాధనమని దాని తాత్పర్యము.

ఈ విద్య బలిని కోరకపోలేదు. యుద్ధానంతరము నౌకాదళము తూలాన్‌లో జలాంతర పరిశోధకుల బృందము నొకదానిని నెలకొల్పెను. రేవులలో మిగిలిన పేలుడు మందులను తొలగించుటయు, మానవుడు ఎంత లోతు దిగగలడో శోధించుటయు వారి పని. 1947లో మోరిస్ ఫార్గ్ అను సహచరుడు సుమారు 120 మీటర్ల లోతు చేరి, ప్రాణములతో తిరిగిరాలేదు. అంత లోతున గాలిలోని నత్రజని కల్లు త్రాగినట్లు మత్తు కలిగించి మనిషి తెలివిని హరించునని ఆ మరణము గట్టిగా బోధించెను. మత్తు గొలుపని తక్కువ లోతులకే సామాన్య ఈతగాండ్రను నేటికిని పరిమితము చేయుట ఇందువలననే.

1950లో కూస్తోకు ఒక ఓడ లభించెను. దాని పేరు కలిప్సో. 1942లో అమెరికాలో బ్రిటిషు నౌకాదళముకొరకు, సముద్రమున అమర్చిన మందుగుండ్లను ఏరివేయుటకై నిర్మించిన కొయ్య ఓడ అది. ఒక ధనికుడు దానిని కొని, సంవత్సరమునకు ఒక ఫ్రాంకు అద్దెకు కూస్తోకు ఇచ్చెను. ఓడను సిద్ధపరచుటకు సిమోన్ తన నగలను గూడ అమ్మెనని చెప్పుదురు. ఆమె తన జీవితమున అధికభాగము ఆ ఓడమీదనే నావికులకు తల్లివలె మెలగుచు గడపెను. 1951లో కలిప్సో ఎఱ్ఱసముద్రమునకు బయలుదేరెను. పగడపు దిబ్బలను కూస్తో తనివితీర చూచినది ఆ యాత్రలోనే.

ఇచ్చట పగడములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. మన యిండ్లలో స్త్రీలు ధరించు ఎఱ్ఱపగడము అనాదిగా మధ్యధరా సముద్రమునుండి వర్తకుల చేతులు మారి మన దేశమునకు వచ్చినది. పగడపు దిబ్బలను కట్టునవి దానికి బంధువులే గాని వేరు జాతులు. చూచుటకు చెట్టువలెను రాయివలెను ఉన్నను పగడము జంతువు. గోటికంటె చిన్నవైన జీవులు వేలకొలది చేరి, తమ చుట్టును సున్నపు గూళ్లు కట్టుకొని, తరతరములుగా ఒకదానిపై నొకటి పెరుగును. వాని శరీరములలో సూక్ష్మమైన నాచుమొక్కలు వసించి, సూర్యకాంతితో ఆహారము వండి తమకు ఆశ్రయమిచ్చిన జీవికి పెట్టును. రంగులలో పెక్కు ఆ నాచువే. అందుచేతనే పగడపు దిబ్బలు వెలుగు చొచ్చు వెచ్చని లోతులేని నీటిలోనే పెరుగును. సముద్రపు అడుగులో నూటికొక వంతు కూడ లేని ఈ దిబ్బలపై సముద్రజీవుల జాతులలో సుమారు నాల్గవ వంతు ఆధారపడియున్నవి. వలయాకారమున పగడపు దీవులు ఏర్పడుటకు, నడుమనున్న అగ్నిపర్వతపు దీవి మెల్లగా క్రుంగుచుండగా దాని చుట్టును పగడము పైకి పెరుగుటయే కారణమని డార్విన్ చెప్పెను. మన లక్షద్వీపములు అట్టివే.

కూస్తో 1953లో తన అనుభవములను ద్యూమాతో కలిసి ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించెను. 1956లో లూయీ మాల్ అను యువకునితో కలిసి అదే పేరుతో రంగుల చలనచిత్రము విడుదల చేసెను. 'నిశ్శబ్ద ప్రపంచము' అని దాని పేరునకు అర్థము. ఎఱ్ఱసముద్రమున, హిందూమహాసముద్రమున తీసిన ఆ దృశ్యములను చూచి జనులు విస్మయము చెందిరి. కాన్ చిత్రోత్సవమున దానికి అత్యున్నత బహుమానము, అమెరికాలో ఆస్కారు బహుమానము లభించెను. సీషెల్స్ సమీపమున అసంప్షన్ దీవివద్ద ఒక పెద్ద చేప ఈతగాండ్రకు మచ్చికయై, మేతకొరకు వారి వెంట కుక్కపిల్లవలె తిరిగిన దృశ్యము పిల్లలకు మిక్కిలి ఇష్టమయ్యెను.

అయితే ఆ చిత్రముననే మరియొక దృశ్యమున్నది. చేపలను లెక్కించుటకని కూస్తో బృందము ఒక పగడపు దిబ్బవద్ద డైనమైటు ప్రేల్చెను. చచ్చిన చేపలను కుప్పలుగా ఒడ్డునకు చేర్చెను. వేరొకచోట ఓడ చక్రము తగిలి గాయపడిన తిమింగలపు పిల్లను చంపి, దాని రక్తమునకు చేరిన సొరచేపలను నావికులు ఓడమీదికి లాగి కొట్టి చంపిరి. ఈ దృశ్యములను వారు దాచలేదు. తప్పని తోచినగదా దాచుట! సముద్రమునకు అంతులేదనియు, అందలి సంపదకు తరుగులేదనియు ఆనాడు అందరును నమ్మిరి. సముద్రమును ప్రేమించిన కూస్తోయు అట్లే నమ్మెను. నేడు ఆ చిత్రమును చూచువారు ఈ భాగము వచ్చినపుడు తల త్రిప్పుకొందురు.

ఆయన మార్పు ఒక్కనాట కలిగినది కాదు. 1957లో మొనాకో నగరపు సముద్రశాస్త్ర ప్రదర్శనశాలకు ఆయన అధ్యక్షుడయ్యెను. 1960లో అణుశక్తి వ్యర్థములను మధ్యధరా సముద్రమున పారవేయుటకు ప్రభుత్వసంస్థ ఒకటి సంకల్పింపగా, ఆయన బహిరంగముగా ప్రతిఘటించెను. జనులును కలిసివచ్చిరి. ఆ సంకల్పము ఆగిపోయెను. అయినను అదే కాలమున ఆయన చమురు వ్యాపారుల సొమ్ముతో సముద్రమున ఇండ్లు కట్టుచుండెను. 1962లో మార్సెయ్ వద్ద 10 మీటర్ల లోతున ఇద్దరు వారము దినములు నివసించిరి. 1963లో సూడాను తీరమున షాబ్ రూమీ అను పగడపు దిబ్బపై ఐదుగురు నెలదినములు కాపురముండిరి. 1965లో 100 మీటర్ల లోతున ఆరుగురు మూడు వారములు గడపిరి. మానవుడు సముద్రపు అడుగున నివసించి చమురును, ఖనిజములను త్రవ్వుకొనునని ఆయన ఆనాటి ఊహ. కొలదికాలములోనే ఆ ఊహను ఆయనయే విడిచిపెట్టెను. షాబ్ రూమీలో మిగిలిన ఇనుప కట్టడములపై నేడు పగడములు మొలచి, చేపలు కాపురమున్నవి.

ఏండ్ల తరువాత తాను యౌవనమున మునిగిన చోట్ల మరల మునిగినపుడు ఆయనకు చేపలు కనబడలేదు. పచ్చిక బయలు బూడిదనేల యయ్యెను. తాను కనిపెట్టిన సాధనముతోనే వేలకొలది వేటగాండ్రు దిగి చేపలను బల్లెములతో పొడుచుటయు ఆయన చూచెను. చూపించుట ఒక్కటే చాలదని ఆయనకు అప్పుడు నిశ్చయముగా తెలిసెను. 1968 మొదలుకొని దూరదర్శనమున ధారావాహికగా ప్రసారమైన ఆయన చిత్రములలో సముద్రమును కాపాడుమను మాట నానాటికి బలపడెను. 1973లో అందులకై ఒక సంఘమును స్థాపించెను.

1979లో ఆయన చిన్నకుమారుడు ఫిలిప్ లిస్బన్ వద్ద నీటివిమానము కూలి మరణించెను. తండ్రికి కుడిభుజమువలె పనిచేసిన కుమారుడు అతడు. డెబ్బదియేండ్లకు చేరువైన కూస్తో ఆ శోకమును దిగమ్రింగి పనిని మానలేదు. అంటార్కిటికా ఖండమున గనులు త్రవ్వుటకు అనుమతించు ఒడంబడిక 1988లో సిద్ధముకాగా, దానిని వ్యతిరేకించుచు లక్షలమందిచే సంతకములు చేయించెను. 1990లో ఆరు ఖండములనుండి ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకొని ఆ మంచుఖండమునకు పోయెను. 1991లో మాడ్రిడ్‌లో దేశములు చేసికొన్న క్రొత్త ఒడంబడిక అచ్చట గనులను నిషేధించెను. ఆ విజయమునకు కారకులైన పలువురిలో ఎనుబదియేండ్ల ఈ వృద్ధుడును ఒకడు. 1990లోనే సిమోన్ మరణించెను. 1996లో సింగపూరు రేవున కలిప్సో మునిగెను. 1997 జూన్ 25వ తేదీన పారిసులో తన 87వ యేట కూస్తో కన్నుమూసెను. పుట్టిన ఊరిలోనే ఆయనను సమాధి చేసిరి.

ఆయన ఏ వెచ్చని నీటిలో పగడములను చూచి మురిసెనో, అట్టి నీరు మన దేశమునకును ఉన్నది. లక్షద్వీపములు, అండమాన్ నికోబార్ దీవులు, మన్నారు సింధుశాఖ పగడపు దిబ్బలకు నెలవులు. అండమానులలో శ్రీకాకుళ విశాఖపట్టణ ప్రాంతములనుండి పోయి స్థిరపడిన తెలుగు బెస్తవారు పెక్కుమంది కలరు. 1983లో అండమానులలో వండూరు వద్ద, 1986లో మన్నారు సింధుశాఖలో సముద్ర జాతీయోద్యానములు ఏర్పడెను. దిబ్బలు కట్టు పగడములను తీయుట 2001 నుండి చట్టరీత్యా నేరము. కాని చట్టమునకు లోబడని శత్రువు వేడి. నీరు అలవాటుకంటె ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారములు నిలిచినచో పగడము తనలోని నాచును వెడలగొట్టి తెల్లబడును. ఆ వేడి తగ్గకున్న చచ్చును. 1998లో లక్షద్వీపములలో ఇది ఘోరముగా జరిగెను. 2010లో, 2016లో, 2024లో మరల సంభవించెను. నేడు ఆ దీవులలో స్కూబా నేర్పు శిక్షకులు క్రొత్తవారికి రెండు సూత్రములు బోధింతురు. ఊపిరిని ఎన్నడును బిగబట్టరాదు. పగడమును ఎన్నడును తాకరాదు. మొదటిది మన ప్రాణముకొరకు, రెండవది దాని ప్రాణముకొరకు.

సముద్రము మనకు దూరమను మాటతో ఈ వ్యాసమును ఆరంభించితిమి. ఒక విధమున అది నిజము కాదు. మన పొరుగున నున్న వర్తూరు చెరువునుండి పొరలిన నీరు దక్షిణ పినాకినిలో కలిసి, తమిళనాడు మీదుగా ప్రవహించి, కడలూరు వద్ద బంగాళాఖాతమును చేరును. వర్తూరు చెరువుపై తెల్లని నురుగు తేలి వీధులకు ఎగిరివచ్చిన దినములను మీ తల్లిదండ్రులు చూచియున్నారు. మన యిండ్లలో పాత్రలు తోమిన సబ్బునీరును, మన వీధుల చెత్తయు ఎచ్చటికి పోవుచున్నవో ఆలోచించిన యెడల, సముద్రము మన గుమ్మమునుండియే మొదలగుచున్నదని తెలియును.

కూస్తో తొలుత మునిగినది సముద్రమున కాదు, ఒక సరస్సులో. విద్యార్థులారా! చెరువులో దిగుమని మేము చెప్పుట లేదు. పెద్దల తోడు లేనిదే నీటిని సమీపింపవలదు. కాని గట్టుమీద నిలిచి చూచుటకు గాలిబుడ్లు అక్కరలేదు. మన కుందలహళ్ళి చెరువునకు ఏ మాసమున ఏ పక్షులు వచ్చుచున్నవో, ఏ చేపలున్నవో, నీటి రంగు ఎప్పుడెట్లు మారుచున్నదో ఒక సంవత్సరము పొడవున చూచి వ్రాసి యుంచుడు. వాని పేర్లను మీ యవ్వలనడిగి తెలుగులోను, మీ పొరుగువారి నడిగి కన్నడములోను తెలిసికొనుడు. శ్రద్ధగా వ్రాసినవానిని రాబోవు సంచికలో ప్రచురింతుము.